టాంజానియా పల్లెకు కొళాయి నీళ్లు: సేవకు వెళ్లాలనుకుంటున్న కనిగిరి ఇంజినీరుకు జవాబు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు సంగతి ఇది. కనిగిరి దగ్గరి పల్లె మీది. ఒంగోలులో సివిల్ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నారు. టాంజానియాలో అరూషా పట్టణానికి దగ్గరలో ఒక గ్రామానికి కొండ ఊట నుంచి కొళాయి నీళ్లు తెచ్చే పథకంలో మూడు వారాల స్వచ్ఛంద సేవకు జులైలో రమ్మని ఒక ఏజెన్సీ వారు పిలిచారు; విమానం టికెట్టు కాక లక్షన్నర రూపాయలు రుసుము కట్టమన్నారు. వెళ్లవచ్చా, వెళితే దేనికి సిద్ధపడి వెళ్లాలి అని అడిగారు. ప్రకాశం జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత ఆ అరూషా వైపే కొంతకాలం నీటి పథకాల మీద పనిచేసినవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

ఆ మూడు వారాల పిలుపుకు వద్దని చెప్పండి. వెళ్లాలన్న ఆలోచనను మాత్రం మానుకోవద్దు. ఏడాదికి తక్కువ కాకుండా, అక్కడి ప్రభుత్వ నీటి కార్యాలయం చెప్పినట్టు నడుచుకునే ఏర్పాటు ఏదైనా దొరికితే కనిగిరి ప్రాంతం నుంచి వచ్చిన ఇంజినీరుకు అక్కడ నిజంగా పని ఉంది. అయితే అది పలుగూ పారా పట్టుకునే పని కాదు.

మూడు వారాల్లో ఏం జరుగుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. ఊట నీటిని కనీసం ఒక ఎండాకాలం పొడవునా కొలవాలి. ఊట ఉన్న నేల ఎవరిదో, దిగువన ఆ నీటితోనే అరటి, మొక్కజొన్న పండించుకుంటున్నవారు ఎవరో తేల్చుకోవాలి. పైపు వెళ్లే దారిలో ఉన్న ప్రతి చేను యజమాని దగ్గరా ఒప్పుదల తీసుకోవాలి. నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అంచనాలు వేసి, సామాను తెప్పించి, ట్రెంచి తవ్వి, పైపు పరిచి, ట్యాంకు కట్టి, ఆపైన నీటి పన్ను వసూలు చేసే కమిటీని నిలబెట్టాలి. ఇంత పెద్ద పనిలో మూడు వారాల అతిథికి మిగిలేది ట్రెంచి తవ్వడం, సిమెంటు కలపడం, ఆఖరి రోజున కొళాయి తిప్పి ఫొటో దిగడం. ట్రెంచి తవ్వడం ఆ ఊరి రైతుకు మనకంటే బాగా వచ్చు. పైగా ఆ పని వాళ్ల చేతుల మీదుగా జరగడమే మంచిది. పొరుగునే ఉన్న మలావీలో 1968 నుంచి కొండ ఊటల నీటిని పల్లెలకు దింపిన పథకాలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడిచాయి. ప్రభుత్వం పైపులూ సాంకేతిక సిబ్బందినీ ఇచ్చింది, ములంజే పర్వతం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వంతులు వేసుకుని మైళ్ల కొద్దీ ట్రెంచి తామే తవ్వుకున్నారు. తాము తవ్విన గాడిలోని పైపు పగిలితే ఊరు ఊరుకోదు. బయటివాళ్లు లక్షన్నర కట్టి వచ్చి తవ్విపోయిన పైపు పగిలితే, తవ్వినవాళ్లే వచ్చి బాగుచేస్తారులే అని కూర్చుంటుంది. ఇది ఆఫ్రికా గుణమేమీ కాదు, మన జిల్లాలో కూడా ఇదే చూశాను.

ఇక అసలు విషయానికి వస్తాను. అరూషా పేరు చెప్పగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఫ్లోరైడ్ ఎంత అని. కొండ ఊట అనగానే మనకు తేటగా, చల్లగా, రోగం ఎరగని నీళ్లు గుర్తుకొస్తాయి. అరూషా పక్కనే ఉన్న మేరు పర్వతం వాలుల్లో ఆ నమ్మకం పనికిరాదు. అది అగ్నిపర్వతం, అక్కడి రాళ్లలోంచి దిగే ఊటల్లోనూ వాగుల్లోనూ చాలావాటిలో ఫ్లోరైడ్ అనుమతించినదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇథియోపియా నుంచి కెన్యా మీదుగా టాంజానియా వరకు సాగే రిఫ్ట్ లోయ పొడవునా ఇదే బాధ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రామునే కోరుకుని, వేరే దారి లేనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటుంది. అరూషా పల్లెల్లో పిల్లలు నవ్వినప్పుడు పళ్లు చూస్తే మీకు కొత్తగా అనిపించదు. అవే గార పళ్లు, పెద్దవాళ్లలో అవే బిగుసుకున్న కీళ్లు, అవే వంగిన నడుములు. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బును తొలిసారి 1937లో నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోవే. తెల్లతోలు వాలంటీరుకు ఎవరో పుస్తకం చూపి చెప్పవలసిన సంగతిని మీరు మీ ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లలో చూసి ఉంటారు. మీకు అక్కడ పని ఉందని నేనన్నది ఇందుకే.

అక్కడ ఇంకొక చిక్కు ఉంది. మగాది అనే ఉప్పురాతిని ఎండు చిక్కుళ్లు త్వరగా ఉడకడానికి ఎసట్లో వేస్తారు. మనం కందిపప్పులో వంటసోడా వేసినట్టే అనుకోండి. ఆ మగాదిలోనూ ఫ్లోరైడ్ దండిగా ఉంటుంది. నీటిని శుభ్రం చేసి చేతులు దులుపుకుంటే మగాదిలోని ఫ్లోరైడ్ శరీరంలోకి వెళుతూనే ఉంటుంది. వంటింట్లోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడనివారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు, వాళ్లతో మాట్లాడాలంటే స్వాహిలీ రావాలి, స్వాహిలీ మూడు వారాల్లో రాదు.

పరీక్ష కష్టమేమీ కాదు. జిర్కోనియం–అలిజరిన్ ద్రావకం ఉన్న చిన్న కిట్టు తీసుకెళితే, పరీక్షగొట్టంలో నీటికి ద్రావకం కలిపిన కాసేపటికి ఎర్రటి గులాబీ రంగు నిలిస్తే నీరు మంచిది, పసుపుకు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ. అది అంచనా కోసమే. పథకానికి ఆధారం మాత్రం ప్రయోగశాల ఇచ్చే అంకెయే కావాలి. ఈ జాగ్రత్త లేక ఏం జరుగుతుందో బంగ్లాదేశ్ చూపించింది. చెరువు నీళ్లలోని క్రిముల నుంచి జనాన్ని కాపాడాలని 1970ల నుంచి ఊరూరా గొట్టపుబావులు వేయించారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడేసరికి కోట్ల మంది ఆ నీళ్లే తాగుతున్నారు. మంచి మనసుతో చేసిన పనే అది.

ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఏం చేయాలి? నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన నల్గొండ పద్ధతి, అంటే పటిక, సున్నం కలిపి తేర్చే విధానం, టాంజానియాకూ ఇథియోపియాకూ కూడా వెళ్లింది. రోజూ మోతాదు సరిగ్గా వేసే మనిషి, మిగిలిన బురదను పారేసే చోటు లేకపోతే అది నిలవదు. కెన్యాలో నకూరు వైపు ఎముకల బొగ్గుతో వడపోసే పద్ధతి వాడుకలో ఉంది. మన ఊళ్లలో ఆ బొగ్గు దేనిదో తెలిస్తే బిందె కూడా తాకనివ్వరు. అక్కడ దాన్ని వాడుతున్న ఊళ్లున్నాయి. నా అభిప్రాయం అడిగితే, దూరమైనా సరే ఫ్లోరైడ్ తక్కువ ఉన్న ఊటను వెతకడమే మేలు. మన పడమటి మండలాలకు చివరికి పరిష్కారంగా తోచింది కూడా బోర్లను వదిలి సాగర్ కాలువ నీళ్లను పైపుల్లో తేవడమే కదా.

ఇప్పుడు నీటి లెక్క. మీకు ఇరవై లీటర్ల బకెట్టు, గడియారం చాలు. ఊటకు మట్టితో చిన్న కట్ట వేసి, నీరంతా ఒకే గొట్టంలోంచి పడేటట్టు చేసి, బకెట్టు నిండడానికి పట్టిన సెకన్లు చూడండి. నాలుగైదు సార్లు చూసి సగటు తీయండి. బకెట్టు 33 సెకన్లలో నిండితే సెకనుకు సుమారు 0.6 లీటరు, రోజుకు సుమారు 52 వేల లీటర్లు. ఊరి జనాభా 1,500 అనుకుందాం. టాంజానియా 2002 నాటి నీటి విధానం ప్రకారం మనిషికి రోజుకు 25 లీటర్లు, ఇంటికి 400 మీటర్ల లోపు దొరకాలి. అంటే 37,500 లీటర్లు, ఊట సరిపోతుంది. అదే మన జలజీవన్ మిషన్ లెక్కన మనిషికి 55 లీటర్ల చొప్పున ఇంటింటికీ కొళాయి ఇవ్వాలంటే 82,500 లీటర్లు కావాలి, సరిపోదు. అదే ఊట వీధి కొళాయిలకు చాలుతుంది, ఇంటి కొళాయిలకు చాలదు. ఏజెన్సీవాళ్ల ప్రకటనలో ఇంటింటి కొళాయి బొమ్మ ఉంటే ఈ లెక్క ఎవరు వేశారని అడగండి. ఇంకా చూడండి: జనాభా ఏటా 3 శాతం పెరిగితే పదకొండేళ్లు దాటేసరికి 25 లీటర్లకు కూడా ఆ ఊట చాలడం మానేస్తుంది. పథకాలను ఇరవై ఏళ్లకు వేస్తాం కాబట్టి, రెండో ఊట ఎక్కడుందో మొదటిరోజే వెతకాలి.

ఆ కొలత ఎప్పుడు తీశారన్నది కొలత కంటే ముఖ్యం. అరూషాలో పెద్ద వానలు మార్చి నుంచి మే వరకు, చిన్న వానలు నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. విదేశీ వాలంటీర్లు సెలవులు చూసుకుని జులై, ఆగస్టుల్లో దిగుతారు. అప్పటికి పెద్ద వానలు వెళ్లి ఎంతో కాలం కాలేదు, ఊట ఇంకా నిండుగానే ఉంటుంది. చూడవలసింది అక్టోబరు చివర, చిన్న వానలకు ముందు. ఆగస్టు కొలత మీద వేసిన పథకానికి అక్టోబరులో కొళాయిలు గుర్రుమంటాయి.

పైపుల సంగతి మీకు చాలావరకు తెలిసే ఉంటుంది కాబట్టి త్వరగా చెబుతాను. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. ఊట ఊరికి 130 మీటర్ల ఎత్తున ఉంటే, రాత్రి కొళాయిలన్నీ కట్టేసినప్పుడు అడుగున పైపు మీద పడేది 13 కిలోలు; పది కిలోల రకం పైపు దాన్ని ఆపలేదు. అందుకే మధ్యలో ఒత్తిడి తెంచే తొట్టి కట్టాలి. పగలంతా బాగా నడిచిన లైను రాత్రిపూట పగులుతోందంటే ముందు దీన్నే అనుమానించండి. ఎత్తు చోట గాలి పోయే వాల్వు, పల్లం చోట మట్టి కడిగే వాల్వు తప్పనిసరి. గాలి వాల్వులకు కాంక్రీటు గూడూ తాళమూ వేయించండి. మన జిల్లాలో గొర్రెలకాపరులు గాలి వాల్వును రాయితో కొట్టి మందకు నీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మేరు వాలుల్లో పశువులు మేపుకునే మాసాయి తెగవారి మందలు మనవాటికంటే పెద్దవి. పశువులకు తొట్టి ముందే కట్టి ఇస్తే వాల్వు బతుకుతుంది.

నీళ్లు వచ్చిన తరువాత ఏమవుతుందన్నది మీరు అడగలేదు. పథకం మంచిచెడ్డలు తేలేది మాత్రం అక్కడే. సహారాకు దిగువనున్న ఆఫ్రికా పల్లెల్లో చేతిపంపుల్లో దాదాపు మూడింట ఒక వంతు పనిచేయడం లేదని 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ అనే అంతర్జాతీయ వేదిక లెక్క తేల్చింది. నీళ్లు అడుగంటి కొన్ని ఆగిపోయి ఉండవచ్చు. ఎక్కువ చోట్ల కారణం వాషరు దొరకకపోవడం, దొరికినా కొనడానికి పెట్టెలో డబ్బు లేకపోవడం, డబ్బున్నా విప్పి బిగించే మనిషి లేకపోవడం. 2006లో అమెరికాలో ఎంతో ఆర్భాటంగా ప్రకటించి, 2010 నాటికి ఆఫ్రికాలో 4 వేలు బిగిస్తామన్న ప్లేపంపు గుర్తుందా? పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటూ ఉంటే నీళ్లు పైకి ఎక్కుతాయన్నారు. కొన్ని ఊళ్లలో నడుస్తున్న చేతిపంపును పీకి దాన్ని పెట్టారు. అది చెడిపోయాక ఆ ఊళ్లో ఎవరికీ బాగుచేయడం రాలేదు, ఆడవాళ్లు ఆ చక్రాన్ని నడుములు విరిగేలా తిప్పారు. దాన్ని పెట్టమని అడిగింది ఆ ఊరు కాదు.

అందుచేత ఏ పథకాన్నయినా నేను చూసే తీరు ఇది: వాల్వు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషికి నెలనెలా ఎవరు ఎంత ఇస్తారు, పైపు అతుకు ఏ ఊరి కొట్లో దొరుకుతుంది. టాంజానియాలో 2019 చట్టంతో రువాసా అనే గ్రామీణ నీటి సంస్థ వచ్చింది. దాని జిల్లా కార్యాలయం కింద ఊరివాళ్ల నీటి సంఘాలు రిజిస్టరై, వీధి కొళాయి దగ్గర ఇరవై లీటర్ల బకెట్టుకింతని వసూలు చేస్తాయి. మన పల్లెల్లో ఇంటికి కొళాయి వచ్చాక కూడా తాగడానికి ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటున్నాం కాబట్టి, బకెట్టుకు డబ్బులేమిటని మీకు వింతగా ఉండదు. విడ్డూరమేమిటంటే మన దగ్గర ప్లాంటువాడి క్యానుకు మారు మాట్లాడకుండా ఇచ్చేవాళ్లే పంచాయతీ కొళాయి పన్ను అడిగితే ముఖం చాటేస్తారు. అక్కడి సంఘం ఖాతా పుస్తకం ఒకసారి తిరగేయండి. పథకం ఎన్నాళ్లు నడుస్తుందో డ్రాయింగు కంటే అదే బాగా చెబుతుంది.

బయటి సహాయం మంచిదే కాదని నేను అనడం లేదు. దర్శిలో ఎన్‌ఏపీ చెరువు అని జనం నోట ఇప్పటికీ వినిపించే పేరు నెదర్లాండ్స్ సహాయంతో వచ్చిన మంచినీటి పథకానిదే. ఆ దేశపు డబ్బూ నిపుణులూ వచ్చారు. నడిపే బాధ్యత మాత్రం మన విభాగమే మోసింది. మోసే చేయి స్థానికంగా ఉండడం వల్లనే ఆ పేరు మిగిలింది.

వెళ్లే దారుల గురించి. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థ 1970లో ఏర్పడింది, కేంద్రం జర్మనీలోని బాన్ నగరం. 27 నిండినవారిని అంతర్జాతీయ నిపుణులుగా, 18 నుంచి 26 ఏళ్లవారిని యువ వాలంటీర్లుగా తీసుకుని, నెలకు జీవనభృతి ఇస్తుంది. మీరు కట్టేది ఏమీ ఉండదు. నీటి ఇంజినీర్లకు అందులో అవకాశాలు వస్తూ ఉంటాయి, ఓపికగా చూడాలి. అమెరికావారి పీస్ కోర్ గురించి ఎవరైనా చెబితే వదిలేయండి, అది వాళ్ల పౌరులకే. సరిహద్దుల్లేని ఇంజినీర్ల (ఇంజినీర్స్ వితౌట్ బార్డర్స్) సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. అమెరికా శాఖ ఒక ఊరిని చేపడితే కనీసం అయిదేళ్లు ఆ ఊరితో ఉండాలన్న నియమం పెట్టుకుంది. ఆ నియమమే నాకు నచ్చింది. ఏ సంస్థనైనా ముందు ఆ ఊరితో ఎన్నేళ్ల సంబంధమో అడగండి.

పర్యాటక వీసా మీద వెళ్లి సేవ చేస్తానంటే టాంజానియా ఒప్పుకోదు. వాలంటీర్లకు ‘సి’ తరగతి నివాస అనుమతి ఉంటుంది, అది తెప్పించవలసింది మిమ్మల్ని పిలిచే సంస్థే. ‘టూరిస్టుగా వచ్చేయండి, తరువాత చూద్దాం’ అన్నవాడిని నమ్మవద్దు. సెలవుల్లో కెన్యా, ఇథియోపియాల వైపు వెళ్లి తిరిగి రావాలనుకుంటే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా పత్రం తప్పనిసరి. అది లేకుండా దిగితే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. టీకా వేసిన పది రోజులకు గాని పత్రం చెల్లదు, ఆపై జీవితాంతం చెల్లుతుంది. మీకు హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. నెల్లూరు వైపువారికి చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడుకోండి.

వెళ్లేలోపు మీ ఊరికి వచ్చినప్పుడల్లా చేయవలసిన పని ఒకటుంది. గ్రామీణ నీటి సరఫరా సబ్‌డివిజన్ కార్యాలయంలో అనుమతి అడిగి, ఫిట్టరు వెంట తిరగండి. ఇండియా మార్క్-2 బోరింగును పైనుంచి కిందిదాకా విప్పి, వాషర్లు మార్చి, తిరిగి బిగించడం మీ చేతులతో నేర్చుకోండి. ఆ పంపు మనదేశంలో పుట్టి ఆఫ్రికా పల్లెల్లో విస్తారంగా వాడుకలో ఉంది. అక్కడ ఎక్కువగా కనిపించే మరో పంపు ఆఫ్రిదేవ్, దాన్ని ఊరివాళ్లే సులువుగా విప్పేటట్టు తయారుచేశారు. ప్లాస్టిక్ పైపును వేడిచేసి అతికే పని, వాల్వు గ్లాండు బిగించి నీరు కారకుండా ఆపే పని కూడా పట్టుబడితే, అరూషా మేస్త్రీలు మిమ్మల్ని ఇంజినీరుగా కాక పనివాడిగా లెక్కలోకి తీసుకుంటారు. ఆ లెక్క కుదిరాకే వాళ్లు నిజం చెబుతారు. మన జిల్లా ప్రయోగశాలలో ఫ్లోరైడ్ పరీక్ష ఎలా చేస్తారో కూడా చూసి వెళ్లండి.

‘మన పల్లెల్లోనే తాగునీటికి దిక్కు లేదు, దేశం కాని దేశం వెళ్లి ఉద్ధరిస్తావా’ అని మీ నాన్నగారు అన్నారని రాశారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కాని దానికి జవాబు వెళ్లకపోవడం కాదు. ఊట నీటి పథకం, నీటి సంఘం నడిపే ఖాతా, బకెట్టు లెక్కన వసూలు, ఇవి మన జిల్లాలో నేర్చుకోవడానికి దొరకవు. అక్కడ ఏడాది పనిచేసి వచ్చిన ఇంజినీరు కనిగిరి పంచాయతీలో పన్ను వసూలు గురించి మాట్లాడితే వినేవాళ్లుంటారు. నాన్నగారితో ఆ మాటే చెప్పి చూడండి.

ఇక ఆ ఏజెన్సీకి ఈ వారమే ఉత్తరం రాయండి. ఊట ప్రవాహం అక్టోబరు చివర ఎంత ఉందో ఆ కొలత పంపమనండి. ఫ్లోరైడ్ మీద ప్రయోగశాల ఇచ్చిన నివేదిక నకలు అడగండి. ఈ పథకం తమ జాబితాలో ఉందని రువాసా జిల్లా కార్యాలయం ఇచ్చిన కాగితం అడగండి. మీ లక్షన్నరలో ఆ ఊరికి చేరేది ఎంతో, పథకం నడిపే మనిషి జీతం ఎక్కడినుంచి వస్తుందో రాతపూర్వకంగా చెప్పమనండి. నాలుగింటికీ కాగితాలు వస్తే నాకు పంపండి, కూర్చుని చూద్దాం. మూడు వారాలను ఏడాదిగా మార్చమని వాళ్లనే అడగవచ్చు. ‘ఆ సంగతులన్నీ మా వాళ్లు చూసుకుంటారు, మీరు వచ్చి అనుభవించండి’ అని జవాబు వస్తే డబ్బు కట్టకండి.